మంచు, ఐస్ మెటీరియల్స్: రెండర్‌లో నిజమైన మంచులా కనిపించాలంటే ఎలా చేయాలి

తెలుగులో ఆకాశం నుంచి రాలేదీ మంచే, గడ్డకట్టేదీ మంచే, తెల్లారి కిటికీ అద్దం మీద పేరుకునేదీ మంచే. త్రీడీ పని చేసేవాళ్లకి ఈ ఒక్క మాట చాలా మేలు చేస్తుంది. ఎందుకంటే వీటన్నిటిలో ఉన్న పదార్థం నిజంగానే ఒక్కటి: రంగు లేని, పారదర్శకమైన గడ్డకట్టిన నీరు. రాలిన మంచు తెల్లగా కనిపించడానికి, హిమానీనదం నీలంగా కనిపించడానికి, గ్లాసులోని ఐస్ ముక్కకి ఏ రంగూ లేకపోవడానికి తేడా అంతా వెలుగు నడిచిన దారిలో ఉంది. లోపల గాలి ఎంత ఉంది, వెలుగు ఎన్నిసార్లు దారి మళ్లింది, బయటికి వచ్చేలోపు ఎంత దూరం ప్రయాణించింది అన్నవే రంగుని నిర్ణయిస్తాయి.

ఇది మనసులో లేకపోతే ఏం జరుగుతుందో చాలా రెండర్లలో (కంప్యూటర్ లెక్కకట్టి గీసిన చిత్రాల్లో) చూస్తాం. మంచుకి తెల్ల రంగు పూస్తారు, అది సున్నం కొట్టిన దిబ్బలా వస్తుంది. ఐస్‌కి గాజు షేడర్ (వెలుగు తగిలితే ఎలా కనిపించాలో చెప్పే అమరిక) పెట్టి లేత నీలం కలుపుతారు, అది ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది. కింద చెప్పే పద్ధతి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ రెండరర్‌కి రాశాను. సెట్టింగుల పేర్లు 4.0 తర్వాతి వెర్షన్లవి. మీరు ఆర్నాల్డ్, వీ-రే, రెడ్‌షిఫ్ట్ లాంటివి వాడుతున్నా ఇవే విలువలు దాదాపు ఇవే పేర్లతో దొరుకుతాయి.

రాలి పేరుకున్నదాన్ని మంచు అని, గట్టి గడ్డని ఐస్ అని పిలుస్తూ వెళ్తాను.

1. ముందు కొలతలు సరిచేయండి

వెలుగు లోపలికి ఎంత దూరం వెళ్లాలన్నది మీరు మీటర్లలోనే చెబుతారు. కాబట్టి మోడల్ సైజు తప్పితే ఏ విలువా పని చేయదు. బ్లెండర్ తెరవగానే కనిపించే క్యూబ్ రెండు మీటర్ల బండ. దాన్నే ఐస్ ముక్క అనుకుని మెటీరియల్ సర్దుతూ కూర్చుంటే గంటలు పోతాయి. ఐస్ ముక్కని 3 సెంటీమీటర్లకి తెచ్చి, కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. మంచు నేల అయితే కెమెరా ఎంత దగ్గరగా ఉంటుందో ఇప్పుడే నిర్ణయించుకోండి. దగ్గరి షాట్‌కి, కొండ షాట్‌కి ఒకే మెటీరియల్ సరిపోదు.

2. మంచు ఒళ్లు

మంచు అంటే కోట్ల కొద్దీ ఐస్ స్ఫటికాలు, వాటి మధ్య గాలి. వెలుగు ప్రతి స్ఫటికం అంచు దగ్గరా కొంచెం వంగి, కొంచెం వెనక్కి తిరిగి, చివరికి దాదాపు అంతా బయటికి వచ్చేస్తుంది. తెల్లదనం అక్కడి నుంచే పుడుతుంది. దీన్ని చూపించడానికి ప్రిన్సిపుల్డ్ బీఎస్‌డీఎఫ్ అనే షేడర్‌లో సబ్‌సర్ఫేస్ (ఉపరితలం కింద వెలుగు చెదరడం) ఉంది.

బేస్ కలర్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువలు 0.86, 0.88, 0.91 దగ్గర పెట్టండి. కొత్తగా పడిన మంచు తన మీద పడిన సూర్యకాంతిలో 80 నుంచి 90 శాతం తిప్పి పంపుతుంది. అంతకు మించి ఎక్కించొద్దు. 1.0 పెడితే వెలుగు ఎక్కడా తగ్గకుండా లోపలే తిరుగుతూ ఉంటుంది. గుంతల్లో నీడ చచ్చిపోతుంది, రెండర్ టైమ్ కూడా పెరుగుతుంది. పాత మంచు, కరుగుతున్న మంచు అయితే 0.6 దాకా దింపొచ్చు.

సబ్‌సర్ఫేస్ వెయిట్ 1, మెథడ్ రాండమ్ వాక్. ఇప్పుడు రేడియస్ (ఒక్కో రంగు లోపల పాకే దూరం) చూడండి. డిఫాల్ట్‌గా 1.0, 0.2, 0.1 ఉంటుంది. ఇవి మనిషి చర్మానికి తగ్గ విలువలు, ఎరుపు ఎక్కువ దూరం పాకేలా పెట్టినవి. వీటిని మార్చకుండా వదిలేస్తే మంచు అంచులు చెవి తమ్మెల్లా ఎర్రగా వెలుగుతాయి. మంచులో జరిగేది దీనికి ఉల్టా. ఐస్ ఎరుపుని ఎక్కువ పీలుస్తుంది, నీలాన్ని దాదాపు వదిలేస్తుంది. అందుకే రేడియస్ 0.5, 0.7, 1.0 అని తిరగేయండి. స్కేల్ 0.02 నుంచి 0.03 మీటర్లు. ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.31, రఫ్‌నెస్ (గరుకుదనం) 0.7.

కెమెరాకి దూరంగా ఉన్న కొండకి సబ్‌సర్ఫేస్ అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల లోతు ప్రభావం అక్కడ ఒక పిక్సెల్ కన్నా చాలా చిన్నది. వెయిట్ 0 చేసేయండి.

3. ఉపరితలం

మంచు ఉపరితలాన్ని మూడు సైజుల్లో ఆలోచించండి. గాలి మలిచిన మీటర్ల వెడల్పు అలలు, సెంటీమీటర్ల ఎత్తుపల్లాలు, మిల్లీమీటర్ల రవ్వ. మొదటి రెండూ నిజంగా జామెట్రీ కదలాలి, కాబట్టి మెటీరియల్ సెట్టింగుల్లో డిస్‌ప్లేస్‌మెంట్ అండ్ బంప్ ఎంచుకుని, మెష్‌ని (మోడల్ ముఖాల వలని) తగినంత సబ్‌డివైడ్ చేయండి. మూడోదానికి బంప్ (ఆకారం కదలకుండా ఎత్తుపల్లాల భ్రమ) చాలు.

ఆబ్జెక్ట్ కోఆర్డినేట్స్‌తో నాయిస్ టెక్స్‌చర్ (యాదృచ్ఛిక నమూనా) పెడితే స్కేల్ 1 అంటే సుమారు మీటరు వెడల్పు ఆకారాలు. అలలకి స్కేల్ 0.5, ఎత్తు 10 సెంటీమీటర్లు. చిన్న ఎత్తుపల్లాలకి స్కేల్ 20, ఎత్తు ఒక సెంటీమీటరు లోపు. రవ్వకి స్కేల్ 800, బంప్ డిస్టెన్స్ 0.001.

నాయిస్‌లో డీటెయిల్ ఎక్కువ పెడితే ఉపరితలం రాతిలా గరుకుగా, మొనలు తేలి కనిపిస్తుంది. కొత్త మంచు పడిన చోట అన్నీ గుండ్రబడతాయి. అలల నాయిస్‌కి డీటెయిల్ 2 దాటనివ్వకండి. పదును కావాల్సింది మనిషి కాలు పడ్డ చోట, అంచు విరిగిన చోట. అడుగుజాడ చేస్తుంటే గుంత ఒక్కటే చెక్కి ఆగొద్దు. దాని అంచు చుట్టూ విరిగిపడిన ఉండలు, చిన్న ఐకోస్ఫియర్లు (త్రిభుజాలతో చేసిన గోళాలు) వంకర చేసి, ఓ ముప్పై నలభై చల్లండి. వాటి నీడలే చూసేవాళ్లకి మంచు ఎంత మెత్తగా ఉందో చెబుతాయి.

4. మిణుకులు

ఈ ఒక్క అడుగు మీద నేను మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పెడతాను, మీరూ పెట్టాలని కోరుకుంటాను.

ఎండలో మంచు ముందు నిలబడితే అక్కడక్కడా చుక్కలు మెరుస్తాయి. తల కొంచెం కదిపితే ఆ చుక్కలు ఆరిపోయి వేరేవి వెలుగుతాయి. ప్రతి స్ఫటికానికీ చదునైన ముఖాలు ఉంటాయి, ఒక్కో ముఖం ఒక్కో దిక్కుకి తిరిగిన బుల్లి అద్దం. సూర్యుడు, ఆ ముఖం, మీ కన్ను సరిగ్గా కుదిరినప్పుడే మెరుపు. తెల్ల చుక్కల టెక్స్‌చర్ అతికిస్తే ఒక్క ఫ్రేమ్‌లో బాగుంటుంది, కెమెరా కదలగానే అవి నేలకి అంటుకున్న పెయింట్ అని తెలిసిపోతుంది. కాబట్టి చుక్కలు గీయకుండా అద్దాలే తయారుచేద్దాం.

ఆబ్జెక్ట్ కోఆర్డినేట్స్ నుంచి వొరొనాయ్ టెక్స్‌చర్‌కి (స్థలాన్ని గదులుగా విడగొట్టే నమూనాకి) వెళ్లండి, స్కేల్ 700. దాని కలర్ అవుట్‌పుట్ ఒక్కో గదికి ఒక్కో యాదృచ్ఛిక రంగు ఇస్తుంది. ఆ రంగే మన అద్దం తిరిగిన దిక్కు. వెక్టర్ మ్యాథ్ నోడ్‌లో (నోడ్ అంటే మెటీరియల్‌లో ఒక పని చేసే పెట్టె) దాని నుంచి 0.5, 0.5, 0.5 తీసేయండి, అప్పుడు విలువలు రెండు వైపులా సమంగా పరుచుకుంటాయి. తర్వాత ఆ విలువల్ని 1.5 రెట్లు చేసి, జామెట్రీ నోడ్ నుంచి వచ్చే నార్మల్‌కి (ఉపరితలం చూసే దిక్కుకి) కలిపి, నార్మలైజ్ చేయండి. ఇది ఒక గ్లాసీ బీఎస్‌డీఎఫ్ (అద్దంలా మెరిసే షేడర్) నార్మల్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. గ్లాసీ రఫ్‌నెస్ 0.1, రంగు 0.3 బూడిద.

ప్రతి గదీ అద్దమైతే నేలంతా చెమ్కీ చల్లినట్టు అవుతుంది. వందకి ఐదో, పదో చాలు. అదే వొరొనాయ్ పొజిషన్ అవుట్‌పుట్‌ని వైట్ నాయిస్ టెక్స్‌చర్‌కి ఇచ్చి, దాని వాల్యూని మ్యాథ్ నోడ్‌లో గ్రేటర్ దేన్ 0.93 చేయండి. వచ్చిన ఫలితం మిక్స్ షేడర్ ఫ్యాక్టర్. ఒక వైపు అడుగు 2లో చేసిన మంచు, రెండో వైపు ఈ గ్లాసీ. ఇక్కడ వైట్ నాయిస్ బదులు కలర్ అవుట్‌పుట్‌లోని ఎరుపు విలువనే వడకట్టడానికి వాడుకుందామని అనిపిస్తుంది. వాడకండి. ఎరుపు ఎక్కువ ఉన్న గదులే మిగిలితే అద్దాలన్నీ ఎక్స్ దిక్కుకే వాలిపోతాయి, ఒక కోణం నుంచి నేలంతా వెలిగి మరో కోణం నుంచి ఒక్కటీ కనిపించదు.

దూరం ఇంకో చిక్కు. పది మీటర్ల అవతల గదులు పిక్సెల్ కన్నా చిన్నవై మెరుపు సగటులో కరిగిపోతుంది, యానిమేషన్‌లో అయితే గీరినట్టు మినుకుతుంది. దూరాన్ని బట్టి స్కేల్ మార్చేస్తే పోదా అనుకుంటాం కానీ, కెమెరా నడిచేకొద్దీ గదులు నేల మీద జారతాయి. స్కేల్ 700తో ఒక పొర, 100తో ఇంకో పొర విడిగా చేసుకుని, కెమెరా డేటా నోడ్‌లోని వ్యూ డిస్టెన్స్‌తో ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా మారండి.

మబ్బు పట్టిన ఆకాశం కింద ఈ మిణుకులు దాదాపు కనిపించవు. అది సరైనదే, బలవంతంగా తెప్పించొద్దు.

5. వస్తువుల మీద పడిన మంచు

జామెట్రీ నోడ్ నార్మల్‌ని సెపరేట్ ఎక్స్‌వైజడ్‌కి ఇచ్చి జడ్ తీసుకోండి. పైకి చూసే ముఖానికి 1, నిలువు గోడకి 0 వస్తుంది. కలర్ ర్యాంప్‌లో నలుపుని 0.5 దగ్గర, తెలుపుని 0.75 దగ్గర పెడితే 60 డిగ్రీలు దాటిన వాలు మీద మంచు నిలవదు, సుమారు 40 కన్నా తక్కువ వాలు మీద నిండుగా ఉంటుంది. అంచు మరీ గీత గీసినట్టు రాకుండా జడ్‌కి కాస్త నాయిస్ కలపండి. ఇది దూరపు వస్తువులకి మాత్రమే. దగ్గరి కొమ్మ, పిట్టగోడ లాంటివాటికి మంచుకి మందం ఉండాలి. రియల్ స్నో యాడ్ఆన్‌తో పైపొర మెష్ తయారుచేసుకుని మన మెటీరియల్ వేయండి.

6. ఐస్ ఒళ్లు

మెష్ ఎక్కడా చిల్లు లేకుండా మూసి ఉండాలి, నార్మల్స్ బయటికి చూడాలి. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్-ఎన్ నొక్కితే సరవుతాయి. ట్రాన్స్‌మిషన్ 1, రఫ్‌నెస్ 0, బేస్ కలర్ పూర్తి తెలుపు, ఐఓఆర్ 1.31.

ఆ చివరి అంకె విషయంలో గట్టిగా ఉండండి. డిఫాల్ట్‌గా వచ్చే 1.5 గాజుది. గాజు ఎదురుగా పడిన వెలుగులో 4 శాతం తిప్పి పంపుతుంది, ఐస్ 2 శాతం కూడా పంపదు. 1.5తో చేసిన ఐస్ ముక్క షోకేసులో పెట్టే స్ఫటికంలా ధగధగలాడుతుంది. నిజమైన ఐస్ మెరుపు అంతకన్నా మెత్తనిది.

7. నీలం ఎక్కడి నుంచి రావాలి

బేస్ కలర్‌లో నీలం పెట్టారనుకోండి, వెలుగు ఉపరితలం దాటిన ప్రతిసారీ ఆ రంగు పడుతుంది. పల్చటి అంచూ, మందమైన నడుమూ ఒకే నీలం. ప్లాస్టిక్‌లా కనిపించడానికి కారణం ఇదే. రంగు మందాన్ని బట్టి పెరగాలి. దానికి మెటీరియల్ అవుట్‌పుట్‌లోని వాల్యూమ్‌కి వాల్యూమ్ అబ్జార్ప్షన్ నోడ్ కలపండి. రంగు 0.7, 0.93, 0.99, డెన్సిటీ 1.

ఈ అంకెలు ఏం చేస్తాయో చూడండి. మీటరు మందం దాటేసరికి ఎరుపు 74 శాతం మిగులుతుంది, కంటికి లేత ఛాయ మాత్రమే. ఐదు మీటర్లు దాటితే ఎరుపు 22 శాతానికి పడిపోతుంది, ఆకుపచ్చ 70, నీలం 95 శాతం ఉంటాయి. హిమానీనదం పగుళ్లలో కనిపించే గాఢమైన నీలం ఇదే. మరి 3 సెంటీమీటర్ల ఐస్ ముక్కలో? ఎరుపు 99 శాతం మిగిలే ఉంటుంది. అంటే రంగు లేదు. గ్లాసులో ఐస్ ముక్కకి నీలం పెట్టడం ఎంత అలవాటైపోయినా, పెట్టకపోతేనే నిజంలా ఉంటుంది. చల్లదనం చూపించాలనుకుంటే చుట్టూ ఉన్న లైట్‌ని నీలం వైపు జరపండి, ఐస్‌ని ముట్టుకోకండి.

8. లోపలి లోపాలు

ఇంతవరకు చేసింది రెండర్ చేస్తే శుభ్రమైన గాజు ముక్కలా ఉంటుంది. ఐస్‌ని ఐస్‌గా గుర్తుపట్టించేది దాని లోపాలు, వాటికి కారణం తెలిస్తే ఎక్కడ పెట్టాలో దానంతటదే తెలుస్తుంది. నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడతాయి. నీళ్లలో కరిగి ఉన్న గాలికి ఐస్‌లో చోటు లేదు, అది నడుముకి తోసుకుంటూ పోయి అక్కడ బుడగలుగా చిక్కుకుంటుంది. అందుకే ముక్క అంచులు తేటగా, నడుమ తెల్లగా ఉంటుంది. కొన్ని బుడగలు గడ్డకట్టిన దిక్కుకి సూదుల్లా సాగి ఉంటాయి.

ఐస్ ముక్క కాపీ తీసి సగానికి కుదించండి. జామెట్రీ నోడ్స్‌లో దాన్ని మెష్ టు వాల్యూమ్, డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఇన్ వాల్యూమ్, ఇన్‌స్టెన్స్ ఆన్ పాయింట్స్ వరుసలో నడిపి, చిన్న గోళాలు చల్లండి. సైజు 0.2 నుంచి 1 మిల్లీమీటరు మధ్య మారుతూ ఉండాలి, కొన్నిటిని అంచు నుంచి నడుముకి వెళ్లే దిక్కులో సాగదీయండి.

బుడగల మెటీరియల్ దగ్గర చాలామంది పొరబడతారు. వాటికి కూడా 1.31 పెడితే అవి ఐస్‌లో చిక్కుకున్న గాజు పూసల్లా కనిపిస్తాయి. ఇక్కడ వెలుగు ఐస్ నుంచి గాలిలోకి వెళ్తోంది, కాబట్టి ఐఓఆర్ 1ని 1.31తో భాగించాలి: 0.763. అంచుకి వెండి వలయం ఉన్న అసలైన గాలి బుడగ వెంటనే కనిపిస్తుంది.

నడుమ తెల్ల మబ్బుకి లక్షల బుడగలు అక్కర్లేదు. అదే కుదించిన ఆకారంలో వాల్యూమ్ స్కాటర్ పెట్టి, డెన్సిటీని నాయిస్‌తో నడపండి. రెండర్ సెట్టింగుల్లో వాల్యూమ్ బౌన్సెస్ (వెలుగు లోపల ఎన్నిసార్లు దారి మళ్లొచ్చో ఆ పరిమితి) డిఫాల్ట్‌గా 0 ఉంటుంది, దాన్ని 6 లేదా 8 చేయకపోతే తెల్ల మబ్బు బదులు బూడిద రంగు పొగ వస్తుంది.

పగుళ్లు కూడా గాలే, పల్చటి పొర అంతే. వంకర తిరిగిన ఒక ప్లేన్‌కి 0.1 మిల్లీమీటరు సాలిడిఫై (మందం) ఇచ్చి, బుడగల మెటీరియల్ 0.763 వేయండి. ఐస్ లోపలి నుంచి ఆ పొరకి వెలుగు సుమారు 50 డిగ్రీలు దాటిన వాలులో తగిలితే సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది, పగులు వెండి రేకులా మెరుస్తుంది. అంతకన్నా నిటారుగా తగిలితే పగులు దాదాపు మాయమవుతుంది. ముక్క ముఖానికి సమాంతరంగా పెడితే ఆ ముఖంలోంచి చూసినప్పుడు ఎప్పటికీ మెరవదు, అందుకని ఏటవాలుగా నాటండి. ఒక ముక్కకి రెండో మూడో చాలు.

9. ఐస్ పైపొర

మొదట ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి: ఈ ఐస్ ఫ్రీజర్‌లోంచి ఇప్పుడే తీసిందా, కరుగుతోందా? పొడి ఐస్ ముక్కకి అంచులు కాస్త పదునుగా, మీద పల్చటి తెల్ల పొడి ఉంటాయి. నాయిస్ మాస్క్‌తో రఫ్‌నెస్‌ని 0.05 నుంచి 0.4 దాకా మార్చండి. కరిగే ముక్క మీద నీటి పొర గీతలన్నిటినీ పూడ్చేస్తుంది. రఫ్‌నెస్ 0, అంచులకి పెద్ద బెవెల్ (గుండ్రదనం), ముఖాలకి మెల్లగా ఊగే బంప్, కింద చిన్న నీటి మడుగు. రెండు స్థితుల లక్షణాలు ఒకే ముక్క మీద కలిపేస్తే ఎక్కడో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేరు.

నీళ్లలో తేలే ఐస్ అయితే పదో వంతు మాత్రమే పైన ఉంచండి. మునిగిన భాగం ఐఓఆర్ 1.31ని నీటి 1.333తో భాగించాలి, అంటే 0.983. అంచులు దాదాపు కనిపించవు, నిజంగానూ కనిపించవు. అక్కడ ఐస్ ఉందని చెప్పేవి బుడగలు, పగుళ్లే.

10. వెలుగు, ఎక్స్‌పోజర్

సూర్యుడిని కెమెరా వెనక పెట్టకండి, మంచు చదునైన కాగితంలా అయిపోతుంది. 10 నుంచి 20 డిగ్రీల ఎత్తులో, పక్క నుంచి లేదా ఎదురు పక్క నుంచి రానివ్వండి. అప్పుడే రవ్వ నీడలు తేలతాయి, అంచుల్లో సబ్‌సర్ఫేస్ వెలుగుతుంది. సన్ లైట్ యాంగిల్ అర డిగ్రీ దగ్గర ఉంచండి, ఆకాశంలో మనకి కనిపించే సూర్యుడి వెడల్పు అంతే. పెద్దది చేస్తే మిణుకులు మొద్దుబారతాయి. నీడల్లో నీలం మెటీరియల్ నుంచి రాదు, ఆకాశం నుంచి వస్తుంది, కాబట్టి స్కై టెక్స్‌చర్ గానీ పగటి హెచ్‌డీఆర్‌ఐ (చుట్టూ ఉన్న వెలుగుని పట్టిన చిత్రం) గానీ తప్పనిసరి.

వ్యూ ట్రాన్స్‌ఫామ్ (వెలుగుని తెర రంగులుగా మార్చే పద్ధతి) ఏజీఎక్స్ ఉంచి, కాసేపు ఫాల్స్ కలర్‌కి (వెలుగు స్థాయిల్ని రంగులతో చూపే దానికి) మార్చి చూడండి. మంచు మొత్తం పై కొసకి కొట్టుకుపోయి ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఆ కొసని మిణుకులకే వదిలిపెట్టాలి. మంచు ఒళ్లు దానికి ఒక స్టాప్ (అంటే సగం వెలుగు) కిందే ఉండాలి.

11. రెండర్ సెట్టింగులు

బుడగలున్న ఐస్‌కి ట్రాన్స్‌మిషన్ బౌన్సెస్ 12 చాలవు, నల్ల మచ్చలు పడతాయి. 24 చేయండి, దాంతో పాటు టోటల్ కూడా 24 చేయండి. టోటల్ మార్చకపోతే మొదటిది మార్చి లాభం లేదు.

ఐస్ నీడ మరీ నల్లగా వస్తుంటే లైట్ పాత్ నోడ్‌లోని ఈజ్ షాడో రేని ఫ్యాక్టర్‌గా పెట్టి, ఐస్ షేడర్‌ని ట్రాన్స్‌పరెంట్ బీఎస్‌డీఎఫ్‌తో మిక్స్ చేయండి. ఐస్ నేల మీద వేసే వెలుగు గీతలు కావాలంటే మాత్రం ఈ చిట్కా వదిలేసి, రిఫ్రాక్టివ్ కాస్టిక్స్ ఆన్ చేసి శాంపిల్స్ పెంచాల్సిందే.

క్లాంపింగ్‌లో (మరీ ప్రకాశించే పిక్సెళ్లకి పెట్టే పరిమితిలో; 0 అంటే పరిమితి లేదు) డైరెక్ట్ లైట్ 0 గానే ఉండాలి, లేకపోతే మిణుకుల తల నరికినట్టే. డీనాయిజర్ (రెండర్‌లో రవ్వ మచ్చలు తుడిచే సాధనం) ఇంకా ప్రమాదం, ఒక్కో పిక్సెల్ మెరుపుని అది మురికి అనుకుని తుడిచేస్తుంది. అందుకే నేను రెండు రెండర్లు చేస్తాను. ఒకటి మిణుకులు లేని మంచు, డీనాయిజర్‌తో. రెండోది మంచు ఒళ్లు పూర్తి నలుపు చేసి, సూర్యుడిని మాత్రమే ఉంచి, మిణుకులు మాత్రమే, డీనాయిజర్ లేకుండా. కంపోజిటర్‌లో (రెండర్లని కలిపే చోట) రెంటినీ యాడ్ చేస్తే మిణుకు ఎంత ఉండాలో అక్కడే తగ్గించి పెంచుకోవచ్చు.

ఫైనల్ రెండర్‌కి ముందు కెమెరాని రెండు డిగ్రీలు పక్కకి తిప్పి ఇంకో ఫ్రేమ్ తీయండి, రెంటినీ మార్చి మార్చి చూడండి. మెరిసే చుక్కలు చాలావరకు మారిపోవాలి. మారకపోతే గ్లాసీ నార్మల్ ఇన్‌పుట్‌కి వైరు తగల్లేదని అర్థం, అడుగు 4కి వెనక్కి వెళ్లండి.